గేరు పడని కారు: లోపం చేతిదా, యంత్రానిదా

1891లో ఫ్రాన్సుకు చెందిన పనార్-లెవసోర్ సంస్థ కారులో అమర్చిన గేరు బాక్సులో, షాఫ్టు మీద జారే పళ్ల చక్రాన్ని తిరుగుతున్న మరో చక్రంలోకి నేరుగా నెట్టవలసి వచ్చేది. రెండింటి వేగాలూ కలవకపోతే పళ్లు గీరుకుని కరకరలాడేవి. ఆ వేగాలను కలిపే బాధ్యత డ్రైవరుదే కాబట్టి, గేరు గట్టిగా పడితే నింద మొదట అతని మీదికే పోయేది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, కింది గేరుకు దిగేటప్పుడైతే కాస్త యాక్సిలరేటరు ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయడాన్ని డబుల్ క్లచ్ అనేవారు.

1928లో కాడిలాక్ కార్లలోకి వచ్చిన సింక్రోమెష్ ఈ భారాన్ని యంత్రానికి అప్పగించింది. ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన ఈ ఏర్పాటులో, గేరు పూర్తిగా పడకముందే వాలు అంచులున్న రెండు భాగాలు ఒరుసుకుని రాపిడితో వేగాలను సమం చేస్తాయి. తరువాతి నమూనాల్లో వేగాలు కలిసేదాకా దారి ఇవ్వని ఇత్తడి రింగులు వచ్చి చేరాయి. ఇక తప్పు యంత్రానిదీ కావచ్చు గనుక, బాక్సు విప్పి లోపాన్ని వెతకవలసిన అవసరం నిజానికి ఇక్కడే మొదలైంది.

భారతదేశంలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్ ఈ రెండు కాలాలనూ ఒకే బాక్సులో మోసింది. దాని పై మూడు గేర్లకు సింక్రోమెష్ ఉండగా మొదటి గేరుకు లేదు. అందువల్ల కదులుతున్న బండిలో మొదటి గేరు కరకరలాడితే అది డ్రైవరు తొందర, మూడో గేరు కరకరలాడితే అది మెకానిక్ పని. పైగా స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డు నుంచి బాక్సు దాకా సాగే లింకుల బుష్షులు అరిగినా గేరు మొరాయించేది కాబట్టి, బాక్సు దించే ముందు ఆ లింకులను కదిపి చూడటం తప్పనిసరి అయ్యేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ముందుకు నడిపే గేర్లన్నింటికీ సింక్రోమెష్ ఉండటంతో ఆ మినహాయింపు కూడా పోయింది.

లోపం ఎక్కడుందో తేల్చే పరీక్ష మాత్రం నేటికీ దాదాపు పాతదే. ఇంజను ఆపినప్పుడు అన్ని గేర్లూ సులువుగా పడి, నడుస్తుండగా పడకపోతే, క్లచ్ ప్లేటు పూర్తిగా విడవడం లేదని అర్థం. దీనికి నమ్మదగిన సాక్షి రివర్స్ గేరు: చాలా కార్లలో తయారీదారులు పొదుపు కోసం దానికి సింక్రోమెష్ పెట్టలేదు గనుక, నిలిచిన బండిలో క్లచ్ తొక్కి కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేసినా కరకరలాడితే ప్లేటు ఇంకా తిరుగుతున్నట్టే. ఒక్క గేరే ఇబ్బంది పెడుతూ, డబుల్ క్లచ్‌తో సాఫీగా పడితే ఆ గేరు రింగు అరిగినట్టు.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు మాత్రమే బిగుసుకుని, బండి వేడెక్కాక సర్దుకునే గేరుకు కారణం తరచుగా చిక్కటి గేరు ఆయిలే. ఆయిలు రకమూ ముఖ్యమే: పళ్లను కాపాడటానికి అందులో కలిపే కొన్ని గంధక సమ్మేళనాలు ఇత్తడి రింగులను తినేస్తాయి కాబట్టి చాలామంది తయారీదారులు ఇలాంటి బాక్సులకు జీఎల్-4 రకం ఆయిలునే సూచించి, జీఎల్-5ను డిఫరెన్షియల్‌కు ఉంచారు. ఖరీదైనది మేలైనదే అయి ఉంటుందని డిఫరెన్షియల్ ఆయిలునే గేరు బాక్సులోనూ పోసేవారికి ఈ తేడా రింగులు అరిగాక గానీ తెలియదు.