ఊరి పేరు పిల్లల పేరైన కథ

1904లో ఇంగ్లండు, వేల్సులలో పుట్టిన ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టిన పేర్లలో మొదటిది మేరీ, రెండోది ఫ్లారెన్స్. మేరీ సంగతి సరే, అది బైబిలు పేరు, వందల ఏళ్లుగా ఇంటింటా ఉన్న పేరు. ఫ్లారెన్స్ అలా కాదు. 1850కి ముందు ఇంగ్లండులో ఆ పేరుగల ఆడపిల్ల ఎక్కడో గానీ కనిపించదు. ఒక మనిషి జీవితకాలంలోనే ఆ పేరు అడుగునుంచి మేరీ పక్కదాకా వెళ్లింది. ఎలా వెళ్లిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఎందుకంటే నా పేరూ అదే.

మాది గోదావరి జిల్లా. మా అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. నేను కడుపులో ఉండగానే ఆడపిల్లయితే ఫ్లారెన్స్ అని అనుకుందట. నాయనమ్మకు నోరు తిరక్క "పులోరమ్మా" అని పిలిచేది. నేనూ నర్సునై, తర్వాత నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా చేశాను. హాజరు పిలుస్తుంటే బ్యాచికొక ఫ్లారెన్సో, ఫ్లోరెన్సమ్మో, ఫ్లోరా రాణో పలికేది. ఏ తల్లిని అడిగినా ఒకటే జవాబు: నైటింగేల్ అమ్మగారి పేరండీ అని.

నిజానికి యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకు సేవచేసిన నర్సు ఫ్లారెన్స్ నైటింగేల్‌కి ఆ పేరు రావడం చాలా మామూలుగా జరిగింది. ఆమె తల్లిదండ్రులు విలియం, ఫ్యానీ కలిగినవాళ్లు. పెళ్లయ్యాక ఐరోపా యాత్రకు వెళ్లి ఇటలీలో మకాం పెట్టారు. 1819లో నేపుల్స్‌లో పెద్దపిల్ల పుట్టింది. ఆ ఊరికి గ్రీకుల కాలంనాటి పేరైన పార్థినోపీ అని పెట్టుకున్నారు. 1820 మే 12న ఫ్లారెన్స్ నగరం దగ్గర రెండో పిల్ల పుట్టింది. ఆ ఊరి పేరే పెట్టారు. మన దగ్గర తిరుపతి, అన్నవరం, సింహాచలం, యాదగిరి అని పిల్లలకు పెట్టుకోవడం ఉంది కదా, అవి మొక్కుతో వచ్చిన పేర్లు. వీళ్లకు మొక్కేమీ లేదు, పిల్ల పుట్టిన చోటు గుర్తుండాలనుకున్నారు, అంతే.

ఒకే ఇంట్లో ఏడాది తేడాతో పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇద్దరివీ ఇటలీ ఊళ్ల పేర్లే. చెల్లెలి పేరు లక్షల ఇళ్లకు చేరింది. అక్క పేరు ఆ ఇంటి గడప దాటలేదు. పేరులోని అందమో అర్థమో దాన్ని నడిపిస్తుందనుకునేవాళ్లకు నేను ఈ అక్కచెల్లెళ్ల సంగతే చెబుతాను. ఫ్లారెన్స్ అన్న మాటకు లాటినులో వికసించడం, వర్ధిల్లడం అని అర్థం. మంచి అర్థమే. కానీ ఆ అర్థం రోమన్ల కాలం నుంచీ ఉంది. అది ఇన్ని శతాబ్దాలు చెయ్యలేని పని రెండేళ్ల క్రిమియా యుద్ధం చేసింది.

అంతకు ముందు ఆ పేరు మగవాళ్లకూ ఉండేది. 1118లో చనిపోయిన వూస్టరు మఠంలోని సన్యాసి పేరు ఫ్లారెన్స్. ఒక పెద్ద చరిత్ర గ్రంథాన్ని చాలాకాలం ఆయన పేరుతోనే చెప్పుకున్నారు. ఐర్లండులో ఫినీన్ అనే మగపేరును ఇంగ్లీషులో ఫ్లారెన్స్ అని రాసేవారు. ఎలిజబెత్ రాణి కాలంలో లండన్ టవరు జైల్లో మగ్గిన ఐరిష్ దొర ఫ్లారెన్స్ మెకార్తీ పేరు అలా వచ్చిందే.

1846 నుంచి 1848 దాకా డికెన్స్ తన 'డాంబీ అండ్ సన్' నవలను నెలనెలా భాగాలుగా వెలువరించాడు. అందులో తండ్రి ఆదరణకు నోచుకోని కూతురి పేరు ఫ్లారెన్స్. ఆ పిల్లకోసం చదువరులు కన్నీరు పెట్టుకున్నారు. కాబట్టి యుద్ధానికి ముందే ఆ పేరు జనం చెవినపడింది. ఇది ఒప్పుకోవాలి. అయితే చెవినపడటం వేరు, సొంత పిల్లకు పెట్టుకోవడం వేరు.

1854లో క్రిమియాలో రష్యామీద యుద్ధం మొదలయ్యాక టైమ్స్ పత్రిక విలేఖరి విలియం హోవర్డ్ రసెల్ గాయపడ్డ సిపాయిల దుస్థితి గురించి రాశాడు. కట్లకు గుడ్డ లేదు, చూసే మనిషి లేదు. ఆ రాతలు చదివి దేశం అట్టుడికిపోయింది. అక్టోబరు 21న నైటింగేల్ 38 మంది నర్సులతో బయల్దేరి నవంబరు మొదట్లో ఇస్తాంబుల్ ఎదుటిగట్టున ఉన్న స్కుటారీ బారక్ ఆసుపత్రికి చేరింది. మరుసటి ఫిబ్రవరిలో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక ఒక బొమ్మ వేసింది. రాత్రిపూట మంచాల వరసల మధ్య దీపం పట్టుకుని నడుస్తున్న ఆడమనిషి. ఆ బొమ్మ గోడలకెక్కింది. స్టాఫర్డ్‌షైరు కుమ్మరులు ఆమె రూపంతో పింగాణీ బొమ్మలు చేసి అమ్మారు. ఆమెమీద పాటలు కట్టారు. ఓడలకు ఆమె పేరు పెట్టారు. ఆడపిల్లలకు పెట్టారు.

ఆ దీపం గురించి ఒక మాట. మన నర్సింగ్ స్కూళ్లలో దీపప్రజ్వలన రోజున పిల్లల చేతికిచ్చే దీపం, అల్లావుద్దీన్ బొమ్మల్లో ఉండేలాంటి ముక్కు దీపం. ఆమె చేతిలో ఉన్నది అది కాదు. టర్కీ సిపాయిలు వాడే మడత లాంతరు. పైన కిందా రేకు బిళ్లలు, మధ్యలో మడతలు మడతలుగా గుడ్డ, లోపల కొవ్వొత్తి. వాడనప్పుడు నొక్కితే పల్చగా ముడుచుకుపోతుంది. అలాంటి లాంతరొకటి లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. వార్డులో రౌండుకెళ్లే మనిషికి పనికొచ్చే వస్తువు అదే. నా విద్యార్థినులకు ఏటా ఈ సంగతి చెప్పేదాన్ని. ఆమెను దేవతగా చూడటం కన్నా పని తెలిసిన మనిషిగా చూడటం ఆమెకు ఎక్కువ గౌరవం అని నా నమ్మకం.

1856 వేసవిలో ఆమె తిరిగొచ్చింది. స్వాగతాలకు ప్రభుత్వం, జనం సిద్ధంగా ఉన్నారు. ఆమె అదేదీ వద్దనుకుని మేనత్త ఇంటిపేరు పెట్టుకుని, మిస్ స్మిత్‌గా ప్రయాణం చేసి, చప్పుడు లేకుండా డెర్బీషైరులోని ఇల్లు చేరింది. దేశమంతా పసిపిల్లలకు తన పేరు పెడుతున్న రోజుల్లో ఆమె ఆ పేరును దాచిపెట్టి నడిచింది.

రెండు మూడు దశాబ్దాల్లో ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, సముద్రాలు దాటారు. అమెరికా సర్కారు లెక్కల ప్రకారం 1890లలో పుట్టిన ఆడపిల్లల పేర్లలో ఫ్లారెన్స్‌ది ఏడో స్థానం. కొందరు తల్లిదండ్రులు ఇంటిపేరుతో సహా పెట్టేశారు. కెనడాలో ఒక రైతు తన కూతురికి ఫ్లారెన్స్ నైటింగేల్ గ్రాహం అని పెట్టాడు. ఆ అమ్మాయి కొన్నాళ్లు నర్సు చదువు చదివి మానేసి, న్యూయార్కు వెళ్లి, ఎలిజబెత్ ఆర్డెన్ అనే కొత్త పేరుతో అలంకరణ సామగ్రి వ్యాపారం పెట్టి జగత్ప్రసిద్ధురాలైంది. నైటింగేల్‌కి బంధువూ, ధర్మపుత్రికా అయిన ఫ్లారెన్స్ నైటింగేల్ షోర్ మాత్రం పేరుకు తగ్గట్టే నర్సయింది. బోయర్ యుద్ధంలో, మొదటి ప్రపంచయుద్ధంలో సేవ చేసింది. అన్ని యుద్ధాలు దాటొచ్చిన ఆ మనిషిని 1920 జనవరిలో రైలుపెట్టెలో ఎవరో కొట్టి చంపారు. హంతకుడు దొరకనే లేదు.

నాకు అందరికన్నా ఇష్టమైన ఫ్లారెన్స్ 1909లో పుట్టిన ఫ్లారెన్స్ నైటింగేల్ డేవిడ్. వాళ్ల అమ్మానాన్నలకు నైటింగేల్ పరిచయం, ఆ అభిమానంతో పెట్టిన పేరు. ఈమె నర్సు కాలేదు, గణాంక శాస్త్రవేత్త అయింది. లండన్‌లో కార్ల్ పియర్సన్ దగ్గర పనిచేసి, తర్వాత కాలిఫోర్నియాలో ప్రొఫెసరైంది. పాచికల ఆట నుంచి సంభావ్యత లెక్కలు ఎలా పుట్టాయో చెబుతూ 1962లో పుస్తకం రాసింది. నైటింగేల్ అసలు వారసత్వం ఆ పిల్లకే దక్కిందంటాను.

ఎందుకంటే నైటింగేల్ ముఖ్యంగా అంకెల మనిషి. 1855 ఫిబ్రవరిలో స్కుటారీలో చేరిన రోగుల్లో నూటికి 42 మంది చనిపోయారు. మార్చిలో పారిశుధ్య సంఘంవాళ్లు లండన్ నుంచి వచ్చి ఆసుపత్రి కింద పూడిపోయిన మురుగు కాలువలు తోడించారు, గాలి ఆడేలా చేశారు, తాగునీటిని బాగుచేశారు. జూనుకల్లా చావులు నూటికి రెండుకు దిగాయి. తిరిగొచ్చాక ఆమె ఆ లెక్కలన్నీ ముందేసుకుని కూర్చుంది. సిపాయిలు తుపాకిగుళ్లకన్నా నివారించగల రోగాలతోనే ఎక్కువమంది పోయారని 1858లో రంగుల చక్రాల పటాలు గీసి సర్కారుకు చూపించింది. లండన్ గణాంక సంఘం సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే.

ఆ అంకెలే ఆమె చూపును మన గోదావరి దాకా తెచ్చాయి. ఆమె ఇండియా గడ్డమీద అడుగుపెట్టలేదు. కానీ ఇక్కడి సైన్యం ఆరోగ్యం మీద మొదలుపెట్టి, ఊళ్ల నీళ్లమీదికి, కరువుమీదికి వచ్చింది. 1874లో వెలువరించిన 'లైఫ్ ఆర్ డెత్ ఇన్ ఇండియా'లో సాగునీటికి ప్రత్యేకంగా అనుబంధం రాసింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌తో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. 1876–78 కరువులో మద్రాసు రాజధాని అల్లాడినప్పుడు, గోదావరి, కృష్ణా డెల్టాలను చూపించి, నీళ్లిస్తే చావులు తప్పుతాయని వాదించినవాళ్లలో ఆమె ఉంది. మా జిల్లాలో కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ. ఆయన పక్షాన నిలబడి రాసిన మనిషి పేరు మాత్రం మా నర్సులకే తెలుసు.

1910 ఆగస్టు 13న ఆమె చనిపోయింది. వెస్ట్‌మినిస్టర్ అబీలో ఖననం చేస్తామంటే కుటుంబం వద్దంది. హాంప్‌షైరులోని ఈస్ట్ వెల్లో చర్చి ఆవరణలో, ఆమె కోరుకున్నట్టు, సమాధిమీద రెండక్షరాలు, రెండు తేదీలు మాత్రం చెక్కారు: ఎఫ్. ఎన్. ఫ్లారెన్స్ అన్న పేరు ఆ రాయిమీద లేదు. ఆ పేరును నిలబెట్టింది జనన రిజిస్టర్లు. విగ్రహాలు పెట్టించే స్తోమతు లేని బడుగు ఇళ్లవాళ్లు కూడా పిల్లకు పేరు పెట్టగలరు. ఖర్చులేని స్మారకం అది.

ఏ పేరుకైనా కాలం ఉంటుంది. 1914లో ఇంగ్లండు, వేల్సులలో ఫ్లారెన్స్ ఆరో స్థానంలో ఉంది, 1924కల్లా మొదటి పదిలో లేదు. ఆ పేరున్నవాళ్లు అమ్మమ్మలయ్యారు, జనం అది ముసలమ్మల పేరన్నారు. అమెరికాలో 1980ల మొదట్లో మొదటి వెయ్యి పేర్లలోంచే తప్పుకుంది. మళ్లీ ఈ శతాబ్దంలో లేచింది. తల్లి తరం పేర్లు పాతవనిపిస్తాయి, ముత్తవ్వ పేరు కొత్తగా వినిపిస్తుంది. ఐవీ, ఎల్సీ, ఆర్థర్ పేర్లు తిరిగొచ్చింది ఈ దారినే. పాటల ఫ్లారెన్స్ వెల్ష్, సినిమాల ఫ్లారెన్స్ ప్యూ కూడా ఆ పేరుకు వయసు తగ్గించారు. 2021లో ఇంగ్లండు, వేల్సులలో ఫ్లారెన్స్‌ది ఎనిమిదో స్థానం. ఇప్పుడు పెట్టుకునేవాళ్లు ఎక్కువమంది సొగసు చూసి పెట్టుకుంటున్నారు. అందులో తప్పు లేదు.

నా విన్నపం ఒకటే. ఈ పేరే కాదు, ఏ మనిషి పేరైనా పిల్లకు పెట్టాక, ఆ మనిషి చేసిన పని పూర్తిగా చెప్పండి. ఫ్లారెన్స్ అని పెడితే దీపం బొమ్మ చూపించి ఆపేయకండి. తోడించిన మురుగు కాలువ గురించి, నూటికి 42 నుంచి రెండుకు దిగిన చావుల గురించి, ఆ లెక్కలు పట్టుకుని ఆమె సర్కార్లతో దశాబ్దాల పాటు చేసిన పోరు గురించి చెప్పండి. ఆ పేరు బతికింది ఆ పనివల్లనే.