చివరి బెంచీ చరిత్ర - 9: టీచరు చూపు

1971లో లండన్‌లో ఒక చిన్న పుస్తకం వచ్చింది. రాసింది గ్రెనడా నుంచి వచ్చిన టీచరు బెర్నార్డ్ కోర్డ్. కరీబియన్ వలస కుటుంబాల నల్లపిల్లల్ని మందమతులని ముద్రేసి వేరే బడులకు తోసేస్తున్నారని లెక్కలతో చూపించాడు. వాళ్ల యాసే తెలివితక్కువతనమైంది. తెల్లవాళ్ల జీవితం చుట్టూ అల్లిన ఐక్యూ పరీక్ష దానికి సాక్ష్యం పలికింది.

"వీడికి రాదులే" అని టీచరు నోటితో అనక్కర్లేదు. ప్రశ్న అడక్కుండా దాటిపోయే చూపే చెప్తుంది. కొన్నాళ్లకు పిల్లాడూ అదే నమ్ముతాడు. కోర్డ్ బాధ అదే.

తల్లిదండ్రులు ఊరుకోలేదు, శనివారం బడులు నడిపారు. 1981 బ్రిటన్ చట్టం ఆ ముద్రను తీసేసింది. చూపును ఏ చట్టం తీస్తుంది?

ఎనిమిదో తరగతిలో మా వాడ యాసలో నేను జవాబు చెప్తే సారు నవ్వారు, క్లాసంతా నవ్వింది. జవాబు సరైందే. ఆ ఏడాది మళ్లీ చెయ్యెత్తలేదు.

ఇప్పుడు నేనే తెలుగు పాఠం చెప్తున్నా. నా చూపు ఎవరిని దాటిపోతోందో రోజూ చూసుకుంటున్నా.

(ఇంకా ఉంది)