కారు టిప్స్: అలాయ్ వీల్స్‌పై మసి పోవడం లేదా? యాసిడ్ జోలికి అస్సలు వెళ్లొద్దు.. ఇంట్లోనే ఇలా చేయండి!

కారు బాడీ తళతళా మెరుస్తున్నా చక్రాలు మాత్రం నల్లగానే ఉంటాయి. ముఖ్యంగా ముందు చక్రాలు. అది రోడ్డు దుమ్ము ఒక్కటే కాదు. బ్రేక్ వేసిన ప్రతిసారీ ప్యాడ్లు, డిస్క్ ఒరుసుకుని సన్నటి పొడి రాలుతుంది. అదే బ్రేక్ డస్ట్. బ్రేకింగ్ భారం ముందు చక్రాలపైనే ఎక్కువ కాబట్టి మసి కూడా అక్కడే ఎక్కువ. ఇందులోని ఇనుప రజను తడి తగిలితే తుప్పు పట్టి వీల్‌కు గట్టిగా అతుక్కుపోతుంది.

యాసిడ్, స్టీల్ పీచు వద్దు
మసి వదలడం లేదని కొందరు బాత్రూమ్ యాసిడ్ వాడేస్తుంటారు. దీంతో వీల్ పైపూత దెబ్బతిని, తెల్లటి మచ్చలు పడతాయి. స్టీల్ పీచుతో రుద్దితే గీతలు ఖాయం. ఆ మచ్చలు, గీతలు కడిగితే పోయేవి కావు.

ఇలా క్లీన్ చేయండి
* డ్రైవ్ చేసి రాగానే కడగొద్దు. వేడి డిస్క్‌పై చన్నీళ్లు పడితే అది వంకర పోయే ప్రమాదం ఉంది. చల్లారాక, నీడలో మొదలుపెట్టండి.
* బాడీ కంటే ముందు చక్రాలే కడగండి. వీటికి బకెట్, స్పాంజ్ విడిగా పెట్టుకోండి. లేదంటే ఆ ఇసుకే పెయింట్‌పై గీతలు పెడుతుంది.
* ముందు నీళ్లు కొట్టి, కార్ షాంపూతో మెత్తటి బ్రష్ వాడండి. ఒక్కో చక్రం పూర్తి చేస్తూ వెళ్లండి.
* మొండి మసికి ఐరన్ రిమూవర్ స్ప్రే చేయండి. ఇనుప రజను తగిలిన చోట ఊదా రంగులోకి మారుతుంది. ఆరిపోకముందే కడిగేయాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.
* బోరు నీళ్లయితే వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. లేకపోతే ఉప్పు మరకలు మిగులుతాయి.

ఈ తప్పు చేస్తే ప్రమాదమే
టైర్ పాలిష్ పక్క గోడలకు మాత్రమే రాయాలి. రోడ్డుకు తగిలే భాగానికి రాస్తే టైరు జారుతుంది. డిస్క్‌పై పడితే బ్రేక్ సరిగా పట్టదు. కడిగాక తొలిసారి బండి తీసినప్పుడు నెమ్మదిగా వెళ్తూ రెండు మూడు సార్లు బ్రేక్ నొక్కండి. తడి ఆరిపోతుంది.

పనిలో పనిగా టైర్లు కూడా చూసుకోండి. పగుళ్లు, ఉబ్బులు కనిపించినా, గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినా టైరు మార్చాల్సిందే. మసి కింద దాగిన ఈ లోపాలు కడిగినప్పుడే బయటపడతాయి.