పెద్దమ్మ మాత్ర వెనక మన సుబ్బారావు

ఇయ్యాల కథ పోచంపల్లిల మా పెద్దమ్మ ఇంటికాడ మొదలైతది. ముప్పై ఏళ్లు ఆసు పోసిన చేతులు ఆమెవి. రుమటాయిడ్ కీళ్లవాతం వచ్చినాక పొద్దున లేస్తే పిడికిలి పట్టదు. డాక్టర్ మెథోట్రెక్సేట్ రాసి, "వారానికి ఒక్కసారే, రోజూ కాదు" అని రెండుసార్లు చెప్పిండు. ఎందుకట్ల?

ఈ జబ్బులో మనల్ని కాపాడాల్సిన టీ కణాలే దారి తప్పి, కీళ్లమీద దాడిని నడిపిస్తాయి. టీ కణం ఊరికే మేల్కోదు. దాని గ్రాహకానికి శత్రువు ఆనవాలు తగలగానే, లోపల ఎల్‌సీకే అనే ఎంజైమ్ ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఆ గ్రాహకం తోకకు అతికిస్తుంది. అక్కడికి జాప్-70 వచ్చి వార్తను ముందుకు పంపుతుంది. తర్వాత కాల్సిన్యూరిన్ అనే ఇంకో ఎంజైమ్ వేరే ప్రొటీన్ మీది ఫాస్ఫేట్‌ను పీకేస్తే, అది కేంద్రకంలోకి పోయి జన్యువులను లేపుతుంది. అంటే ఫాస్ఫేటే స్విచ్చు అన్నట్టు.

ఇప్పుడు వెనక్కి పోదాం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తర్వాత అమెరికా చేరారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో వాళ్లిద్దరూ ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా గుర్తించారు. టీ కణం సంగతి అప్పటికి ఎవరికీ తెల్వదు.

తర్వాత లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. ఆ తర్వాత దానికి నకలుగా ఉండి, దాని పనికే అడ్డుపడే అమినోప్టెరిన్ వచ్చింది. 1948లో ఫార్బర్ దాంతో పిల్లల్లో లుకేమియాను కొంతకాలం తగ్గించి చూపారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. 1951లో, వినోబా భావే మన పోచంపల్లికి వచ్చిన ఏడే, గుబ్నర్ బృందం అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గుతోందని రాసింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి అమెరికాలో అనుమతి 1988లో గానీ రాలేదు.

మేల్కొన్న టీ కణం వేగంగా విభజన చెందాలి. దానికి డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకు ఫోలేట్ కావాలి. ఫోలేట్‌ను పనికొచ్చేలా మార్చే ఎంజైమ్‌ను ఈ మందు పట్టి ఆపుతుంది. అడినోసిన్‌ను పెంచి మంటను కూడా తగ్గిస్తుంది. కానీ ఎముక మజ్జకూ ఫోలేట్ కావాలె గదా! అందుకే రోజూ మింగితే ప్రాణం మీదికొస్తది.

పెద్దమ్మకు డాక్టర్ ఇంకో రోజు వేసుకోమన్నది ఫోలిక్ యాసిడ్. మందూ, దాని దెబ్బకు కాపుగా ఇచ్చేదీ, రెండూ ఒకే ల్యాబ్‌లో పుట్టినవే. మీ ఇంట్ల ఈ మాత్ర ఉంటే, ఏ వారం వేసుకోవాలో ఇయ్యాలే డబ్బీ మీద పెద్దగా రాయండి. మళ్లా కలుద్దాం.