రిమోట్ డెస్క్‌టాప్: 2018 మే నాటి అంతరాయం

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో అయిదారు కంప్యూటర్లున్న చిన్న ఆఫీసును ఊహించండి. లెక్కలన్నీ లోపలి గదిలోని సర్వర్‌లో ఉంటాయి. ముందు గదిలోని గుమాస్తా రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వాటిని తెరుస్తాడు. 1998లో విండోస్ ఎన్‌టీ టెర్మినల్ సర్వర్‌తో వచ్చిన ఈ సౌకర్యం 2001లో విండోస్ ఎక్స్‌పీతో మామూలు కంప్యూటర్లకూ చేరింది.

2018 మేలో ప్రపంచమంతటా ఇటువంటి ఎన్నో ఆఫీసుల్లో కనెక్షన్ మొరాయించింది. కేబుల్ బాగానే ఉంది, పాస్‌వర్డ్ సరైనదే. మరి కారణమేమిటి? ధ్రువీకరణకు వాడే క్రెడ్‌ఎస్‌ఎస్‌పీలోని ఒక లోపాన్ని మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలో సవరించింది. మే 8 నాటి అప్‌డేట్ అందుకున్న కంప్యూటర్, మార్చి సవరణ కూడా లేని సర్వర్‌తో కలవడానికి నిరాకరించింది. తెరపై సందేశంలో క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ పేరు కనిపిస్తూనే ఉన్నా, దాన్ని చదివేదెవరు!

కొందరు అప్‌డేట్‌నే తొలగించారు. కనెక్షన్ వచ్చింది, దానితోపాటు పాత లోపమూ వచ్చింది. సర్వర్‌ను కూడా అప్‌డేట్ చేయడమే అసలు పరిష్కారం. మరుసటి ఏడాది మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లోపం బయటపడింది. 2014లో మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వవలసి వచ్చిందంటే ప్రమాదం ఎంతటిదో గ్రహించవచ్చు.

కనుక కనెక్షన్ ఆగినప్పుడు సర్వర్ చిరునామా మారిందా, 3389 పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకుంటోందా అని చూసి, తర్వాత రెండు కంప్యూటర్ల అప్‌డేట్ తేదీలను పక్కపక్కన రాసుకోండి.