తీరం వెంట దారి, తీరానికి దారి: పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతంలో రాకపోకల చరిత్ర

మీరు ఒక్క రోజులో నాలుగు చోట్లు చూడాలని బయలుదేరారనుకుందాం. టెక్కలి దగ్గర రావివలసలో పైకప్పు లేకుండా ఎండకు ఎండే మల్లికార్జునుడు ఒకటి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం రెండోది. మందసలోని వాసుదేవ పెరుమాళ్ ఆలయం మూడోది, బారువ సముద్ర తీరం నాలుగోది. పటం మీద ఇవన్నీ ఒకే జిల్లా ఉత్తర భాగంలో, పెద్ద దూరం లేకుండా కనిపిస్తాయి. బస్సును నమ్ముకొని బయలుదేరితే మాత్రం ఒక చోటు చూశాక మళ్లీ జాతీయ రహదారికి రావాలి. అక్కడ ఇంకో బస్సు పట్టుకొని కొంత దూరం వెళ్లి, మళ్లీ పక్కకు తిరగాలి. చెట్టు కొమ్మ మీది నుంచి కాండానికి దిగి, మరో కొమ్మ ఎక్కినట్టుంటుంది ప్రయాణం. ఇలా ఎందుకు ఉందో చరిత్ర చెబుతుంది. ఈ భాగంలో మనం పరిశీలించేది ఆ కారణాన్నే.

ముందుగా భౌగోళిక స్థితిని గుర్తు చేసుకోవాలి. పడమర మహేంద్రగిరి, దాని వెంట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం. ఈ రెండింటి మధ్య సన్నని నేల. అందులో సముద్రం వైపున్న కొబ్బరి, జీడి తోటల ప్రాంతమే ఉద్దానం. ఉద్యానం అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. ఇలాంటి నేల మీద రెండు రకాల దారులకు వీలుంది. ఒకటి తీరం వెంట, ఈశాన్యం నుంచి నైరుతికి పోయేది. రెండోది కొండ నుంచి కడలికి దిగేది. మొదటి రకం దారి బయటివారి అవసరం. రెండో రకం ఇక్కడివారి అవసరం. ఈ తేడాను గుర్తుంచుకుంటే తర్వాతి కథ తేలికగా అర్థమవుతుంది.

పల్లకీ నుంచి రైలుకు

రైలు రాకముందు తీరం వెంట దారి ప్రధానంగా యాత్రికులది, సైన్యాలది, సర్కారు తపాలాది. దక్షిణాది నుంచి పూరీ జగన్నాథానికి వెళ్లేవారు ఈ దారినే నడిచారు. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి, 1831లో తిరుగు ప్రయాణంలో పూరీ మీదుగా ఈ తీరం వెంటే దక్షిణానికి వచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రను విద్యార్థులు సాహిత్యంగానే చదువుతారు. దారులు, మజిలీలు, ఏరు దాటే రేవులు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి అది మంచి చారిత్రక ఆధారం కూడా. పల్లకీ, బోయీలు ఉన్న ఆయన ప్రయాణం వేరు, మూట నెత్తిన పెట్టుకొని నడిచిన సామాన్యుడి ప్రయాణం వేరు. ఇద్దరూ మజిలీ నుంచి మజిలీకే వెళ్లారు. మధ్యలో పక్కకు తిరిగి తీరానికో కొండకో పోవాలంటే అది మరో ప్రయాణం.

సరుకుల సంగతి వేరు. బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడలు ఆగేవి. లోపలి ఊళ్ల నుంచి ధాన్యం, అటవీ సరుకు ఎడ్లబండ్ల మీద రేవుకు దిగేవి. అంటే కొండ నుంచి కడలికి దారులు అప్పుడు సజీవంగా ఉన్నాయి.

1866లో ఒరిస్సాను, దానికి ఆనుకొని ఉన్న గంజాం జిల్లాను కరువు పట్టి పీడించింది. ఆనాడు టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలోవే. 1880 నాటి కరువు కమిషన్ రైలు మార్గాలు పెంచాలని సిఫారసు చేసింది. 1893-1896 మధ్య కటకం నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే దశలవారీగా తెరుచుకుంది. 1902లో దీని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, పూండి, నౌపడా, తిలారు ఆ దారిలోని స్టేషన్లే.

ఆ స్టేషన్ల పేర్లలో ఒక విశేషం ఉంది. మందస రోడ్, శ్రీకాకుళం రోడ్ అని రెండు పేర్లు గమనించండి. పేరులో 'రోడ్' ఉందంటే రైలు ఆ ఊరికి పోలేదని, ఆ ఊరికి వెళ్లే రోడ్డు దగ్గర ఆగిందని అర్థం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే అక్కడ దిగి ఇంకా పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పోవాలి. కలకత్తా, మద్రాసులను కలపడానికి గీసిన గీత అది. దారిలోని ఊరు దాని దగ్గరికి రావాలి కానీ, అది ఊరి దగ్గరికి రాదు. నా దృష్టిలో ఈ ప్రాంతపు రవాణా చరిత్రకు ఆ 'రోడ్' అనే రెండక్షరాలకు మించిన శాసనం లేదు.

రైలు వచ్చాక బండ్లు రేవుల వైపు కాక స్టేషన్ల వైపు తిరిగాయి. రేవులు క్రమంగా క్షీణించాయి. రేవులతో పాటు వాటికి పోయే దారులూ చిన్నబోయాయి. నేడు బారువను మనం విహార స్థలంగా చూస్తున్నాం కానీ, ఒకప్పుడు అది పని చేసే రేవు.

రాజావారి చిన్న రైలు

కొండకూ కడలికీ మధ్య అడ్డంగా వేసిన రైలు ఈ ప్రాంతంలో ఒక్కటే. దానిని వేసింది సర్కారు కాదు, జమీందారు. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న లైను వేయించారు. సుమారు 40 కిలోమీటర్ల ఈ లైను 1900లో మొదలైంది. ఒక చివర ఉప్పు మడుల నౌపడా, మరో చివర సంస్థాన రాజధాని. మధ్యలో టెక్కలి, టెంబూరు, పాతపట్నం. పెద్ద రైలు టెక్కలి పట్టణాన్ని తాకలేదు కాబట్టి, అక్కడి జనానికి బయటి ప్రపంచంతో రైలు సంబంధం ఈ చిన్న లైనే.

మొదట్లో నష్టాలు వచ్చాయి. 1910 తర్వాత కొద్దిపాటి లాభం, 1924-25 తర్వాత చెప్పుకోదగ్గ లాభం కనిపించింది. దాంతో కృష్ణచంద్ర గజపతి కాలంలో 1929, 1931లలో రెండు దశల్లో గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ లైను మీద సరిహద్దు గీత పడింది. పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది, పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్లింది. చుట్టరికాలు, సంతలు మాత్రం గీత చూసి ఆగలేదు. చిన్న రైలు వాటిని మోస్తూనే ఉంది. 2004లో దానిని ఆపి, లైనును బ్రాడ్ గేజ్‌గా మార్చారు. 2011లో గుణుపురం దాకా పెద్ద రైలు వచ్చింది. పాత రైలు మెల్లగా నడిచేదని నవ్వుకున్నవారే దాన్ని తలుచుకొని బెంగపడ్డారు.

ఉద్దానం వైపు మాత్రం ఇలాంటి అడ్డు లైను ఎన్నడూ పడలేదు. అటు రైలు వేయించే రాజు లేడు.

ఒకే యజమాని ఉంటే?

ప్రపంచంలోని భారీ వినోద కేంద్రాలతో పోల్చి చూద్దాం. అమెరికాలోని ఫ్లోరిడాలో 1971 అక్టోబర్ 1న ప్రారంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్ సుమారు 100 చదరపు కిలోమీటర్ల నేల. యజమాని ఒక్కడే. మొదటి పార్కును, హోటళ్లను, వాహనాలు నిలిపే స్థలాన్ని కలుపుతూ మోనోరైలు ముందే వేశారు. 1982లో రెండో పార్కుకు దాన్ని పొడిగించారు. 1989, 1998లలో వచ్చిన మూడో, నాలుగో పార్కులకు మోనోరైలు వెళ్లలేదు. వాటికి బస్సులే దిక్కయ్యాయి. 2019లో మూడో పార్కుకు తీగల మీద నడిచే పెట్టెలు వచ్చాయి. డబ్బుకు కొదవ లేని చోట కూడా మొదట వేసిన దారి తర్వాత వచ్చేవాటిని ఎంతగా శాసిస్తుందో చూడండి. అలాంటప్పుడు కరువు కమిషన్, రైల్వే కంపెనీ, జమీందారు, రహదారుల శాఖ ఎవరి అవసరం కొద్దీ వారు దారులు వేసిన మన తీరంలో మందసకూ తేలినీలాపురానికీ నేరుగా బస్సు లేకపోవడంలో వింతేముంది?

స్వాతంత్ర్యానంతరం రోడ్డు రవాణా పెరిగింది. 1958లో ఏర్పడిన ఏపీఎస్‌ఆర్‌టీసీ డిపోలు పలాసలో, టెక్కలిలో వచ్చాయి. ఒకప్పటి 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. ఇదంతా మళ్లీ తీరం వెంట దారినే బలపరిచింది. అడ్డు దారుల్లో చాలావరకు జనాన్ని చేరవేస్తున్నది సర్వీసు ఆటోలే. చరిత్ర పుస్తకాల్లో వాటికి చోటు దొరకదు కానీ, బోయీల తర్వాత ఈ నేలను అంత దగ్గరగా ఎరిగినవారు ఆటోవాలాలే.

ఈ విషయాన్ని విహార యాత్రకే పరిమితం చేస్తే పొరపాటవుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో మీకు తెలుసు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు తోటల్లోని ఊరి నుంచి కేంద్రానికి వెళ్లి, నీరసంగా తిరిగి రావాలి. బారువకు ఆదివారం వచ్చే యాత్రికుడికీ, ఈ రోగికీ కావలసింది ఒకే రకం దారి: ఊరి నుంచి రహదారికి, ఒక పల్లె నుంచి పక్క పల్లెకు వేళకు నడిచే బండి. పర్యాటక ప్రణాళికలు గీసేవారు దర్శనీయ స్థలాలను చుక్కలుగా పెట్టి, వాటిని ఒక అందమైన వలయంతో కలుపుతుంటారు. ఆ వలయం మీద మధ్యలో ఉన్న పల్లెలు ఎక్కగలవా అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.

ఈ భాగం చదివాక ఒక పని చేయండి. మీ మండలం పటం తీసుకొని దారులకు రెండు రంగులు వేయండి. తీరం వెంట పోయేవాటికి ఒకటి, కొండ నుంచి కడలికి పోయేవాటికి మరొకటి. ప్రతి దారి పక్కన అది ఎవరి అవసరానికి, ఏ కాలంలో పడిందో మీ ఊరి పెద్దలను అడిగి రాయండి. సంతబొమ్మాళి మండలం వారికి పని కాస్త ఎక్కువ. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవంటూ వస్తే తీరానికి మళ్లీ ఒక పెద్ద దారి తప్పదు. దాని మీద లారీలతో పాటు భావనపాడు చేపల గంపలు ఎక్కిన ఆటో కూడా నడుస్తుందో లేదో మీ పటంలో గుర్తించండి.