అనాబ్-ఎ-షాహీ: మన ద్రాక్షతీగ కథ

హైదరాబాదు ద్రాక్ష అంటే మన తరం వారికి అనాబ్-ఎ-షాహీయే. అరబ్బీలో ‘ఇనబ్’ అంటే ద్రాక్ష. ఫారసీలో ‘షాహీ’ అంటే రాజుకు చెందినది. మన మనవలకు ఆ పేరే తెలియదు. అందుకే పెన్షనరు మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు.

దక్కనుకు ద్రాక్ష కొత్త కాదు. మహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో రాజధానిని దౌలతాబాదుకు మార్చాడు. తరువాత వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, అక్కడి ద్రాక్ష ఏటా రెండుసార్లు పండుతుందని రాశాడు. హైదరాబాదులో అనాబ్-ఎ-షాహీని 1890 ప్రాంతంలో ప్రవేశపెట్టిన వారు అబ్దుల్ బాకర్ ఖాన్ అని ఉద్యాన గ్రంథాలు చెబుతాయి.

చలిదేశాల్లో ద్రాక్ష శీతాకాలంలో ఆకురాల్చి నిద్రపోతుంది. మనకు అంత చలి లేదు కనుక తీగ ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. కత్తెరతోనే దాన్ని దారిలో పెట్టాలి. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. వేసవిలో వచ్చిన కొత్తకొమ్మల మొగ్గల్లోనే రాబోయే గుత్తులు రూపుకడతాయి. రెండుసార్లు కోసినా తీసుకునేది ఒక్క కాపే. ఫిబ్రవరి నుంచి పండు చేతికొస్తుంది.

1970లలో ఉద్యోగరీత్యా నగర శివార్లకు వెళ్ళినప్పుడు నేను ఆ పందిళ్ళు చూసేవాణ్ణి. నేడు వాటిలో చాలాచోట్ల కాలనీలు లేచాయి. గింజలేని థామ్సన్ రకం బజారును ఆక్రమించింది. అనాబ్-ఎ-షాహీకి గింజ ఉంది, పలుచని తోలు, పైగా బూజు తెగులు త్వరగా పడుతుంది. ధర పలికిన భూమి ముందు పండు నిలవలేదు. దాని నుంచి వచ్చిన దిల్‌ఖుష్ రకం మాత్రం కర్ణాటకలో సాగయింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ద్రాక్ష గింజ నాటితే తల్లి గుణం ఉన్నదున్నట్టు రాదు. కొమ్మ నాటితేనే అదే రకం. అంటే 1890 నాటి తీగ ఈనాటికీ బతికి ఉందంటే, చేతి నుంచి చేతికి కొమ్మ అందింది కనుకనే. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగితే ఆ శాఖ అంతటితో సరి.

కనుక సభ్యులకు నా మనవి. మీ పెరట్లో పాత తీగ ఉంటే, అక్టోబరులో కోసిన కొమ్మల్ని చెత్తలో వేయకండి. పెన్సిలు లావున, నాలుగు కళ్ళున్న ముక్కల్ని ఎంచి ఇరుగుపొరుగుకు ఇవ్వండి. నీరు నిలవని, ఎండ తగిలే చోట నాటి పందిరి వేసుకోమనండి. రెండేళ్ళు ఓపిక పట్టాలి. ఫైళ్ళ కోసం అంతకన్నా ఎక్కువే ఓపిక పట్టినవాళ్ళం గదా!